గుంటలో మనిషి

ఆ ఎండాకాలం మా రొయ్యల గుంటలో ఎవరూ లేని వేళల్లో మనిషి ఉన్నాడని చెప్పింది, నేను చేసిన మిషనే.

మాది గూడూరు దగ్గరి కోట నుంచి సముద్రం వైపు పోతే ఉప్పుటేరు పక్కన ఉండే ఊరు. ఊరికి పడమర వరి, తూర్పున రొయ్యల గుంటలు. గూడూరులో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి, పెళ్ళయి ఇక్కడికి వచ్చాను. ఉద్యోగానికి పోలేదు గానీ చేతులు ఊరుకోలేదు. చెడిపోయిన రేడియోలు విప్పుకుంటూ, చిన్న చిన్న బోర్డులు తెప్పించుకుని వాటితో ఏదో ఒకటి చేస్తూ ఉండేదాన్ని. వంటింట్లో పోపుల డబ్బా పక్కనే సోల్డరింగ్ ఐరన్ ఉండేది. మా అత్త రాఘవమ్మ విసుక్కునేది. మా మామ వెంకయ్య మాత్రం స్టూలు లాక్కుని పక్కన కూర్చునేవాడు.

రొయ్య మేత తినేటప్పుడు నీళ్ళలో చిటచిటమని సన్నటి చప్పుడు చేస్తుంది. బజర్‌లో ఉండే ఇత్తడి బిళ్ళకు తీగ అతికించి, నీళ్ళు చొరకుండా మూసి గుంటలో వేలాడదీస్తే ఆ చప్పుడు పట్టుకోవచ్చు. దాన్ని బోర్డుకు వినిపిస్తూ, ఇది మేత తినే చప్పుడు, ఇది నీళ్ళు చిలికి గాలి ఎక్కించే ఏరేటర్, ఇది వాన అని వందలసార్లు నేర్పితే, తర్వాత అదే గుర్తుపట్టి చెబుతుంది. మేత తినడం ఆగితే తెలిసిపోతుంది, వృథా తగ్గుతుంది. అదీ నా ఆలోచన.

"మనిషిని కూడా నేర్పు మే. వల తీసుకుని దొంగోడు దిగితే చెప్పొద్దా?" అన్నాడు మామ.

దిగడానికి ఆయనే సిద్ధం. గుంటలో మూడో ఏరేటర్ రెక్కలకు పాచి జాస్తి. ఎండ మీద మోటార్లు ఆపే వేళ చూసి దిగి, చేత్తో పాచి లాగేసేవాడు. ఆయన ఎడమ కాలు కొంచెం ఈడ్చేవాడు. "నడవనా?" అని అక్కడి నుంచి కేకేసేవాడు. "నడువు మామా" అని నేను షెడ్డులోంచి అరిచేదాన్ని. అట్లా మనిషి చప్పుళ్ళన్నీ మామ చప్పుళ్ళే అయ్యాయి. ఆయనకు చదువు రాదు కాబట్టి షెడ్డులో చిన్న స్పీకర్ పెట్టి, మిషను పైకి మాట్లాడేట్టు చేశాను. 'మేత తింటున్నాయి' అని అది మొదటిసారి అన్నప్పుడు మామ చప్పట్లు కొట్టాడు.

చలికాలం పంట చివర్లో ఒక మధ్యాహ్నం ఆయన అదే ఏరేటర్ పక్కన నీళ్ళలో బోర్లా తేలుతూ కనిపించాడు. నా పెనిమిటి పెంచలకృష్ణ దూకి బయటికి లాగాడు. అప్పటికి ఊళ్ళో కరెంటు పోయి ఉంది. ఏరేటర్ స్విచ్ కూడా ఆపే ఉంది. ఆయనకు అంతకుముందు ఒకసారి గుండెపోటు వచ్చి ఉండడంతో, మళ్ళీ అదే అన్నారు. ఎవరికీ వేరే అనుమానం రాలేదు.

గుంట ఎండగట్టాం. పెద్దకర్మ అయింది. ఎండాకాలం పంటకు మళ్ళీ పిల్ల రొయ్యలు వదిలాం. మూడో ఏరేటర్ ఉన్న మూలకు ఎవరూ దిగకూడదని అత్త ఆన పెట్టింది. గట్టు మీద నిలబడి వెదురు కర్రతో పాచి గీకేవాళ్ళం.

మిషను తీసి మళ్ళీ పెట్టింది నేనే. ఇంట్లో కూర్చుంటే ఆ స్టూలు కనపడుతూ ఉండేది.

* * *

మొదటిసారి అది మాట్లాడిన రోజు నేనూ అత్తా షెడ్డులో ఉన్నాం. అన్నం తిన్న తర్వాతి వేళ. మోటార్లన్నీ ఆపాం. గుంట రేకు పరిచినట్టు మెరుస్తోంది, కళ్ళు నిలవడం లేదు. కొంగలు కూడా లేవు. సముద్రం మీంచి గాలి అప్పుడే లేస్తోంది. అత్త చింతపండు గింజలు తీస్తోంది.

"గుంటలో మనిషి" అంది స్పీకర్.

అది నా ఫోన్లోంచి తీసుకున్న ఆడగొంతు. ఏ మాటయినా ఒకే తీరుగా అంటుంది. వాన అన్నా అంతే, మనిషి అన్నా అంతే.

నేను బయటికి పరిగెత్తాను. గట్టు నాలుగు వైపులా చూశాను. ఎవరూ లేరు. నీళ్ళ మీద సన్నటి అలలు తప్ప ఏమీ కదలడం లేదు.

"గుంటలో మనిషి" అంది మళ్ళీ, వెనక నుంచి.

లోపలికి వచ్చి చూస్తే ఎంత నమ్మకంగా చెబుతోందో తెరమీద అంకె ఉంది. నూటికి తొంభై పైనే. మేత చప్పుడును కూడా అది ఎప్పుడూ అంత గట్టిగా చెప్పలేదు.

అత్త చింతపండు పక్కన పెట్టి లేచి నిలబడింది. ఆమె నన్ను చూడలేదు, గుంట వైపు చూడలేదు. స్పీకర్‌నే చూస్తోంది.

"ఏదో తప్పు చెప్పిందత్తా. తీగ లూజు అయినట్టుంది" అన్నాను.

తీగ లూజు కాలేదు. మర్నాడు అదే వేళకు మళ్ళీ చెప్పింది. ఆ మర్నాడు గాలి లేదు, చెప్పలేదు. తర్వాత రోజు చెప్పింది. బిళ్ళ మార్చాను. బోర్డు మార్చాను. తీగ మొత్తం కొత్తది వేశాను. మధ్యాహ్నం మోటార్లు ఆపి, నీళ్ళు కొంచెం కదిలాయో లేదో, "గుంటలో మనిషి" అనేది.

ఒక రోజు అత్త అడిగింది. "అది దేన్ని విని చెప్తాది మే?"

"నేను నేర్పిన చప్పుళ్ళలో దేనికి దగ్గరగా ఉంటే అది చెప్తుంది."

"మనిషిని నేర్పేటప్పుడు ఎవురి చప్పుడు నేర్పినావు?"

ఆమెకు తెలుసు. తెలిసే అడిగింది.

ఆ తర్వాత నుంచి మధ్యాహ్నం అన్నం తినగానే గట్టు మీదికి పోయి, మూడో ఏరేటర్‌కు ఎదురుగా గొనెపట్టా పరుచుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. నెత్తిన కొంగు, చేతిలో తాటాకు విసనకర్ర. మొదట ఊరికే కూర్చునేది. తర్వాత మాటలు వినపడ్డాయి. ఎవరింట్లో ఆవు ఈనింది, వరికి వెన్ను ఎప్పుడొస్తుంది, ఏ పిల్లకు సంబంధం కుదిరింది, ఇట్లాంటివే. ఏడుపు లేదు, పిలుపు లేదు. పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడినట్టే. ఒక్కోసారి మధ్యలో ఆగి, జవాబు వింటున్నట్టు తల ఊపేది. నేను షెడ్డు గుమ్మంలో నిలబడి చూస్తుంటే, అంత ఎండలోనూ నా చేతుల మీద రోమాలు లేచేవి.

"ఆ స్పీకర్ పీకెయ్యి. అమ్మకు పిచ్చి పడతాది" అన్నాడు పెంచలకృష్ణ.

పీకబోయాను. "దాని మీద చెయ్యేస్తే ఊరుకోను" అంది అత్త. ఆమె నాతో అట్లా ఎప్పుడూ మాట్లాడలేదు.

* * *

పెంచలకృష్ణ తన పద్ధతిలో తేల్చాలనుకున్నాడు. ఒక పొద్దున గాలి పడిపోయి ఉంది. మోటార్లు ఆపించి, పంచె ఎగగట్టి, షెడ్డు వైపు మూలలో గుంటలోకి దిగాడు.

"ఇప్పుడు వినమను. మనిషంటే ఎట్టుంటాడో నేను చూపిస్తా" అని మోకాటి లోతు నీళ్ళలో అటూ ఇటూ నడిచాడు. అత్త గట్టు మీద ఉంది. నేను తెర ముందు ఉన్నాను.

"వాన" అంది స్పీకర్.

ఆయన ఆగాడు. మళ్ళీ నడిచాడు, ఈసారి కాళ్ళు గట్టిగా వేస్తూ.

"వాన."

పైన ఒక్క మబ్బు తునక లేదు. ఆయన నీళ్ళలో నిలబడి నా వైపు చూశాడు. నవ్వుదామనుకున్నాడు, నవ్వు రాలేదు. చివరికి వాళ్ళ నాన్న మాదిరే ఎడమ కాలు ఈడ్చుతూ నడిచాడు. అది చూడలేక నేను కళ్ళు దించుకున్నాను.

"మేత తింటున్నాయి" అంది స్పీకర్.

బయటికి వచ్చి కాళ్ళు కూడా తుడుచుకోకుండా ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ రోజే మధ్యాహ్నం గాలి లేచాక, గుంటలో చీమ కూడా లేనప్పుడు, "గుంటలో మనిషి" అంది.

"చూసినావా? కొడుకును గూడా మనిషి అనలేదు. దానికి ఆయనొక్కడే తెలుసు" అంది అత్త.

ఆమె మాటలో తప్పేముందని నాకే అనిపించింది. నేను నేర్పింది మామ ఒక్కడినే. వేరే మనిషిని అది పోల్చుకోలేకపోవచ్చు. మరి పోల్చుకున్నది ఎవరిని? అక్కడికి వచ్చేసరికి నా చదువు ఆగిపోయేది.

ఫోన్లో అడిగితే జవాబు చెప్పే ఏఐలు ఉన్నాయి కదా, వాటిలో ఒకదాన్ని అడిగాను. గుంటలో నీటికుక్కలు ఉండొచ్చంది. పెద్ద చేప తిరుగుతూ ఉండొచ్చంది. మా మామ సంగతి చెబితే, ఆప్తులను పోగొట్టుకున్నవాళ్ళకు ఇట్లాంటివి అనిపించడం సహజమని ఓదార్చింది. నీటికుక్క లేదన్నాను. అయితే తాబేలు అంది. నేను ఏం చెబితే దానికి తగ్గట్టు చక్కగా వాక్యాలు అల్లి ఇచ్చింది. ఒక్కసారి కూడా ఇది నాకు తెలీదమ్మా, పోయి చూసుకో అనలేదు. ఎట్లా అంటుంది? అది మా గుంట గట్టున నిలబడలేదు. ఆ నీళ్ళ వాసన దానికి తెలీదు.

నాది చిన్న మిషను గానీ దాని బుద్ధీ అంతే. నేను దానికి నాలుగు మాటలు ఇచ్చాను. లోకంలో ఏ చప్పుడు వచ్చినా ఆ నాలుగింటిలో ఒకటి అనాల్సిందే. పిడుగు పడినా, నేను పడి చచ్చినా, వాటిలో ఒకటే అంటుంది. ఆ సంగతి కట్టిన నాకు ముందే తెలుసు. తెలిసినా ఆ ఆడగొంతు వినపడినప్పుడల్లా లేచి గుంట వైపు చూసేదాన్ని.

* * *

వైశాఖంలో ఎండలు ముదిరాయి. అత్త అన్నం సరిగ్గా తినడం లేదు. మాట్లాడితే గట్టు మీదే మాట్లాడేది, ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. ఒక రోజు ఆమె కొత్త చీర కట్టుకుని గుంట మీదికి వచ్చింది. మామ తెచ్చిన చివరి చీర అది. నాకు అదోలా అనిపించింది గానీ అడగలేదు.

ఆ మధ్యాహ్నం నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను. అంతవరకూ మిషను ఏమంటోందో విన్నాను గానీ, అది ఏం వింటోందో నా చెవులతో శ్రద్ధగా వినలేదు. ముందు మామవి, పాత రికార్డులు తీశాను. ఇన్నాళ్ళూ వాటి జోలికి పోవడానికి ధైర్యం చాలలేదు. నీళ్ళు కదిలే చప్పుడు ఉంది. అడుగుల చప్పుడు చాలా తక్కువ, ఆయన బిళ్ళకు దూరంగా నడిచాడు. కానీ అన్నింటిలోనూ ఇంకొకటి ఉంది. టిక్. కొంచెం ఆగి, టిక్. ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా. ప్రతి టిక్కు వెనకా సన్నటి గుయ్యిమనే మోత.

ఈ నెలలో మిషను మనిషి అన్నవి తీసి విన్నాను. నీళ్ళ చప్పుడు లేదు. అడుగు లేదు. టిక్. ఆగి, టిక్. అదే గుయ్యి.

మా ఆయన నడిచినప్పటిది పెట్టాను. నీళ్ళ చప్పుడు బ్రహ్మాండంగా ఉంది. టిక్ లేదు.

ఆ గుయ్యిమనే మోత నాకు కొత్తది కాదు. రేడియో విప్పి ఎర్త్ తీగ సరిగ్గా కట్టకపోతే వచ్చేది అదే. అది కరెంటు మోత. మోటార్లు ఆగి ఉన్న గుంటలో, ఎక్కడో తీగ తొడుగు చీలి, ఏరేటర్ నీళ్ళ మీద ఊగినప్పుడల్లా ఇనుముకు తగిలి వదులుతోంది. మామ దిగిన ప్రతిసారీ అది ఉంది. మిషను మామను నేర్చుకోలేదు. ఆయన పక్కన ఉన్నదాన్ని నేర్చుకుంది.

తల ఎత్తి చూశాను. గొనెపట్టా మీద అత్త లేదు.

ఆమె గట్టు దిగుతోంది. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పైకి పట్టుకుని, రెండో చెయ్యి ముందుకు చాచి, మూడో ఏరేటర్ వైపు. ఒక కాలు అప్పటికే నీళ్ళలో ఉంది. ముఖం మీద సిగ్గులాంటి నవ్వు ఉంది. పిలిచినవాళ్ళ దగ్గరికి పోయే మనిషి ముఖం అది.

"గుంటలో మనిషి" అంది స్పీకర్.

నేను ఎట్లా పరిగెత్తానో నాకు గుర్తు లేదు. కేక వేశానో లేదో కూడా తెలీదు. వెనక నుంచి నడుము పట్టి లాగితే ఇద్దరం గట్టు మీద పడ్డాం. ఆమె నన్ను కొట్టింది. చెంప మీద, భుజం మీద, చేతికి అందినచోటల్లా.

"వదలవే! ఆయన ఆడ ఉండాడు, వదులు!"

"ఆడ ఉండేది మామ కాదత్తా" అన్నాను.

* * *

షఫీక్‌ది కోటలో మోటార్ల వైండింగ్ షాపు. డిప్లొమాలో నా వెనక బ్యాచి, నన్ను అక్కా అంటాడు. ఫోన్ చేయగానే బండి మీద వచ్చాడు. పెంచలకృష్ణ కూడా కోట నుంచి మేత బస్తాలతో అప్పుడే వచ్చాడు. ఏరేటర్ స్విచ్ ఆపే ఉంది. షఫీక్ కర్రకు టెస్ట్ బల్బు తీగ కట్టి, గట్టు మీద నుంచే ఏరేటర్ ఇనుముకు తాకించాడు.

వెలిగింది.

"స్విచ్ ఆపే ఉండాది కదా!" అన్నాడు మా ఆయన.

షఫీక్ మెయిన్ ఆపి, షెడ్డు గోడకున్న బోర్డు విప్పాడు. లోపల కాసేపు చూశాడు.

"స్విచ్‌కు రావాల్సింది కరెంటు తెచ్చే తీగ, ఫేజు. ఇక్కడ దానికి బదులు న్యూట్రల్ ఇచ్చి ఉండారు. అందుకే స్విచ్ ఆపితే మోటారు ఆగతాది గానీ, కరెంటు మోటారు దాకా పోయే ఉంటాది. ఆడ కేబుల్ కూడా చీలింది. ఆపినామని ధైర్యంగా చెయ్యేస్తే..." అని ఆగాడు. తర్వాత మామూలుగా, పనివాడు అడిగినట్టే అడిగాడు. "ఈ లైను ఎవరేసినారక్కా?"

మామ పోవడానికి ముందు ఏడాది తుఫానుకు స్తంభాలు పడిపోయి, ఎలక్ట్రీషియన్లు ఎవరూ దొరకని రోజుల్లో ఆ బోర్డు బిగించింది ఎవరో నాకు తెలుసు. అత్తకూ తెలుసు.

"నేనే" అన్నాడు పెంచలకృష్ణ.

షఫీక్ స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. మా ఆయన బోర్డు దగ్గరికి పోయి, తాను బిగించిన తీగలను వేలితో ఒక్కొక్కటే తాకి చూశాడు. తర్వాత బస్తాలు దించడానికి బండి దగ్గరికి పోయాడు. అన్నీ దించాడు, ఒకటి వదలకుండా. దించి, ఆ బస్తాల మీదే కూర్చుండిపోయాడు.

అత్త నన్ను అడిగింది. "అయితే ఆయన లేడా?"

"లేడత్తా."

"ఇన్ని దినాలూ ఆ డబ్బా అబద్ధం చెప్పిందా?"

"అబద్ధం కాదు. దానికి ఆ చప్పుడే మామ."

ఆమె గట్టు మీది గొనెపట్టా వైపు చూసింది. తర్వాత పోయి దాన్ని దులిపి మడిచింది.

షఫీక్ కేబుల్ మార్చాడు, బోర్డు సరిచేశాడు. మిషను ఆ తర్వాత ఎప్పుడూ మనిషి అనలేదు. మధ్యాహ్నాలు మోటార్లు ఆగి గాలి లేచేది. ముగ్గురం ఎవరి పనిలో వాళ్ళం ఉన్నట్టే ఉండి స్పీకర్ వైపు ఒక చెవి వేసి ఉంచేవాళ్ళం. అది మౌనంగా ఉండేది. ఆ నిశ్శబ్దం ముందటి మాట కంటే భయంగా ఉండేది.

పెంచలకృష్ణ అన్నం మానేశాడు. కంచం ముందు కూర్చుంటాడు, కలుపుతాడు, లేస్తాడు. తల్లి ముఖం చూడడు. నేను ఏం చెప్పినా విననట్టే ఉండేవాడు. ఒక పూట అత్త ఆయన ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"నీళ్ళలో దూకి ఆయన్ను తీసింది ఎవురు?"

ఆయన కంచంలో అన్నం కలుపుతూనే ఉన్నాడు.

"కరెంటు ఉందో పోయిందో చూసుకుని దూకినావా?"

"లేదు."

"నాకు నువ్వొక్కడివి మిగిలినావు. తిను."

తిన్నాడు. ఏడుస్తూనే తిన్నాడు. ఆమె లేవకుండా, కంచం ఖాళీ అయ్యేదాకా అక్కడే కూర్చుంది.

పంట పట్టుబడి అయింది. రొయ్యలు బండెక్కి పోయాయి. ఆ మరుసటి పొద్దున ఆయన టెస్టర్ ఒకటి, చేతికి రబ్బరు తొడుగులు తీసుకుని బయలుదేరాడు.

"యాడికి?" అన్నాను.

"తుఫాను వచ్చిన ఏడు ఈ పక్క బోర్డులన్నీ నేనే కదా బిగించింది. అడిగినోళ్ళకల్లా బిగించినా."

నేను వెంట నడిచాను. వెనక్కి చూస్తే, కొంగు నెత్తిన వేసుకుని అత్త కూడా వస్తోంది.

మొదటిది చెంచయ్యన్న గుంట. ఆయన తొడల లోతు నీళ్ళలో నిలబడి ఏరేటర్ దగ్గర వల సర్దుతున్నాడు. మమ్మల్ని చూసి చెయ్యి ఊపాడు. పెంచలకృష్ణ ఆయనకేమీ చెప్పకుండా నేరుగా షెడ్డులోకి పోయి బోర్డు విప్పాడు. చూశాడు. ఆయన చెవుల వెనక చెమట కారడం నాకు కనపడింది. మెయిన్ ఫ్యూజు పీకి గుప్పిట్లో పట్టుకుని బయటికి వచ్చాడు.

"చెంచయ్యన్నా, దేన్నీ పట్టుకోకుండా మెల్లిగా బయటికి రా."

"ఏందబ్బా పొద్దున్నే ముగ్గురూ కట్టకట్టుకుని వచ్చినారు" అంటూ చెంచయ్యన్న నీళ్ళు తొక్కుకుంటూ గట్టు దగ్గరికి వచ్చాడు. "ఇదిగో, ఈ మధ్య నీళ్ళలో దిగితే కాళ్ళు జుమ్మంటా ఉండాయి. నాకూ షుగరు వచ్చినట్టుండాది. నాయుడుపేటలో చూపించుకోవాల."

అత్త నా చెయ్యి పట్టుకుంది.

"ఆయనా అట్నే అనేవాడు. మందులు తెచ్చుకోమని నేనే తిడతా ఉండేదాన్ని" అంది, నాకు మాత్రమే వినపడేట్టు.

పెంచలకృష్ణ వంగి చెయ్యి అందించాడు. చెంచయ్యన్న ఆ చెయ్యి పట్టుకుని, నవ్వుతూ, గట్టెక్కాడు.